పైపు దిగని రోజు

కేథరిన్ ఎర్రజెండా ఎత్తి చాలాసేపయింది. భుజం లాగేస్తోంది. అయినా ఎదురుగా బార్జి అనే బల్లపరుపు ఓడ మీద, పైపులు దిగగొట్టే హామర్ ఆగలేదు. దెబ్బ పడిన ప్రతిసారీ నీటి అడుగు నుంచి వణుకు వచ్చి పడవను తాకుతోంది. ఆ తర్వాతే గాలిలో చప్పుడు వినిపిస్తోంది.

“రేడియోలో మళ్ళీ సెప్పమ్మా,” అన్నాడు వెనక ఇంజను దగ్గర కూర్చున్న ఎర్రయ్య. “జెండా ఆళ్ళకి అగుపడదు. అగుపడినా సూడరు.”

ఆమె వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. “బార్జి, బార్జి. మూడు డాల్ఫిన్లున్నాయి. ఒకటి పిల్ల. మీకు ఉత్తరం వైపు, బాగా దగ్గర్లో. హామర్ ఆపండి.”

దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

“శ్రీరామ్మూర్తి గారూ, వినిపిస్తోందా? ఆపండి.”

“ఇనిపిత్తంది మేడమ్.” హామర్ ఆపరేటర్ శ్రీరామ్మూర్తి గొంతు గరగరలాడుతూ వచ్చింది. “పైపు దిగిపోవొచ్చినాది. ఇంకొక్క మూర. మద్దిలో ఆపితే ఇసకలో బిగుసుకుపోతాది. మళ్ళీ దింపడం మా వల్ల కాదు.”

“ఆపండి.”

మరికొన్ని దెబ్బలు పడ్డాక హామర్ ఆగింది. బార్జి మీద ఎవరో హెల్మెట్ తీసి రేకు మీద విసిరికొట్టిన చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చింది. ఆ తర్వాత ఒక బూతుమాట కూడా వచ్చింది. ఎవరిని ఉద్దేశించి అన్నదో కేథరిన్‌కు తెలుసు. ఆమె బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుంది.

డాల్ఫిన్లు ఎటూ పోవడం లేదు. మిగతా రోజుల్లో అవి తీరం వెంబడి వరుసగా, ఒక ఊపులో సాగిపోయేవి. ఇప్పుడు ఒడ్డు వైపు కొంతదూరం పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ అటే పోతున్నాయి. తల్లి వీపు మీద చిన్న మూపురం, దాని మీద రెక్క తేలి మునుగుతున్నాయి. పిల్ల తల్లి పక్కకు అతుక్కుని ఉంది.

నగరానికి దక్షిణాన, స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించే తీరంలో ఒక ప్రైవేటు కంపెనీ బొగ్గు ఓడల కోసం జెట్టీ కడుతోంది. మనిషి కావలించుకున్నా చేతులు కలవనంత లావు ఇనుప పైపులను సముద్రపు అడుగులోకి దిగగొట్టాలి. ఆ నీళ్ళలోనే ఈ మూపురం డాల్ఫిన్లు బతుకుతాయి. లోతు సముద్రంలోకి పోయే జాతి కాదు ఇది. ఒడ్డును నమ్ముకుని, తక్కువ నీళ్ళలో చేపలు పట్టుకు తింటుంది. తీరం పొడవునా రేవులు లేచేకొద్దీ వాటికి చోటు తగ్గిపోయి, అంతరించిపోయే జాతుల్లో చేరాయి. అందుకని జెట్టీకి అనుమతి ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టారు. పైపు కొడుతున్నంతసేపు చుట్టూ అర కిలోమీటరు నీళ్ళను ఒక మనిషి కనిపెట్టి ఉండాలి. డాల్ఫిన్ కనిపిస్తే పని ఆపించాలి. అవి వెళ్ళిపోయాయని చూసి, ఆ మనిషి రేడియోలో “క్లియర్” అంటేనే హామర్ మళ్ళీ లేవాలి.

ఆ మనిషి కేథరిన్. కూర్మన్నపాలెం పిల్ల. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగ పరీక్షల కోసం ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లలో ఏళ్ళు అరగదీసి, చివరికి ఒక కన్సల్టెన్సీ ద్వారా ఈ కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. మొదటి ఉద్యోగం.

ఎర్రయ్యది పక్కనున్న మత్స్యకారుల ఊరు. జెట్టీ లేస్తున్న చోటే ఒకప్పుడు వాళ్ళ పడవలు ఒడ్డుకు చేరేవి. ఒడ్డు తీసుకున్న కంపెనీయే ఇప్పుడు అతని పడవను అద్దెకు తీసుకుంది. వల వేస్తే ఇప్పుడు డీజిల్ ఖర్చు రావడం లేదు కనుక, అతను కాదనలేకపోయాడు.

షరతు రాసినవాళ్ళు ఒక సంగతి మరిచిపోయారు. పని ఆగిన గంటలకు కూలి ఎవరిస్తారో ఎక్కడా చెప్పలేదు. బార్జి మీది గ్యాంగుకు పైపు లెక్కన కూలి. పైపు దిగితేనే డబ్బు. డాల్ఫిన్ వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంటే ఆ పూట వాళ్ళకు పస్తే. పాలకొండ వైపు నుంచి వచ్చి, రేకుల షెడ్డులో పడుకుంటూ, ఎండలో ఇనుము మీద నిలబడి పనిచేసే మనుషులకు ఎర్రజెండా ఎత్తే అమ్మాయి శత్రువు కాకుండా ఎలా ఉంటుంది?

ఆ రోజు సాయంత్రం సైటు మేనేజర్ ఉదయ్‌కుమార్ ఆమెను ఆఫీసుకు పిలిచాడు. కంటైనర్‌ను ఆఫీసుగా మార్చారు. లోపల ఏసీ చల్లగా ఉంది. అతను మర్యాద తెలిసిన మనిషి. కూర్చోమని కుర్చీ చూపించి, టీ తెప్పించాకే మాట మొదలుపెట్టాడు.

“చూడమ్మా, నేను డాల్ఫిన్లకు వ్యతిరేకిని కాదు. మా పాప గదిలో గోడ నిండా డాల్ఫిన్ బొమ్మలే. కానీ ఏడాది చివరికి మొదటి ఓడ రావాలి. నువ్వు వారంలో సగం పని ఆపించేస్తున్నావు.”

“అవి వస్తున్నాయి కాబట్టి ఆపుతున్నాను సార్.”

“ప్రతి అలా డాల్ఫిన్ లాగే కనిపిస్తుంది, చూస్తూ కూర్చుంటే. నీ ముందు చేసినతను ఇన్నిసార్లు ఆపలేదు. అతని టైములో డాల్ఫిన్లు లేవా?”

ఉన్నాయనే కేథరిన్ చెప్పాలి. చెబితే తన ముందు మనిషిని దొంగను చేసినట్టవుతుంది. ఆమె టీ తాగేసి లేచింది. గుమ్మం దాటుతుంటే అతను నెమ్మదిగా అన్నాడు, “నీ కాంట్రాక్టు రెన్యువల్ వచ్చే నెల్లోనే కదా.”

ఇంటికి వెళ్ళేసరికి తండ్రి సుందర్ రాజ్ వరండాలో మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు రిగ్గరుగా పాతికేళ్ళు క్రేన్లకు ఇనుము కట్టి ఎత్తించి, మోకాళ్ళు అరిగాక మానేసిన మనిషి. ఆమె సంచీ విసిరేసి జరిగింది చెప్పింది. బార్జి మీది నుంచి వచ్చిన బూతు కూడా చెప్పింది.

“పని ఆగినప్పుడు ఆళ్ళకి కూలి ఇత్తన్నారేటి?” అని అడిగాడు సుందర్ రాజ్.

“ఇవ్వరు. పైపు లెక్క.”

“మరి నిన్ను తిట్టరా తల్లీ? ఎవర్ని తిడతారు? ఏసీలో కూసున్నోడు ఆళ్ళకి కనబడతాడేటి? జెండా పట్టుకున్నదానివి నువ్వే కనబడతావు.”

ఇన్ని నెలలుగా ఈ ప్రశ్న తనకే రానందుకు ఆమెకు సిగ్గేసింది. డాల్ఫిన్లు ఎంతసేపు నీళ్ళ కింద ఉంటాయో, పిల్ల తల్లి వెంట ఎన్నేళ్ళు తిరుగుతుందో చదువుకుంది. తను జెండా ఎత్తినప్పుడు బార్జి మీద ఎవరి కడుపు కాలుతుందో అడిగి తెలుసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఉదయ్‌కుమార్ దగ్గరకు వెళ్ళింది. ఆపిన గంటలకు గ్యాంగుకు రోజుకూలీ లెక్కన ఇవ్వమని అడిగింది. అప్పుడే డీజిల్ సంగతి చెప్పడానికి వచ్చిన శ్రీరామ్మూర్తి గుమ్మంలో ఆగిపోయాడు. ఉదయ్‌కుమార్ అతన్ని చూడనే చూశాడు.

“డాల్ఫిన్లు అయిపోయాయి, ఇప్పుడు యూనియనా?” అన్నాడు నవ్వుతూ. “పని చెయ్యని గంటకు కూలి ఎక్కడైనా ఉందా? ఏం శ్రీరామ్మూర్తీ, మీరేమైనా అడిగారా?”

“నేదు బావూ,” అన్నాడు శ్రీరామ్మూర్తి, తల దించుకుని.

బయటికొచ్చాక అతను కేథరిన్ మీద విరుచుకుపడ్డాడు. నలభై దాటిన మనిషి. చెవుల్లో ఎప్పుడూ దూది. ఏళ్ళ తరబడి హామర్ పక్కన నిలబడి వినికిడి సగం పోయింది కనుక గట్టిగా మాట్లాడతాడు.

“మిమ్మల్నెవరు అడగమన్నారు మేడమ్? ఇప్పుడు నానే సెప్పి పంపించినాననుకుంటాడు. రేపు గ్యాంగు మార్సీత్తే పదకొండు మందిమి రోడ్డున పడతాం. మాకు మీ కూలి వొద్దు, మీ జాలి వొద్దు. క్లియర్ అని ఒక్క మాట సెప్పండి, సాలు. రేపు మాలో ముగ్గురు ఊరెల్లాల. వరి ఉడుపులు. కాలీ సేతుల్తో ఎలగెల్తారు?”

“డాల్ఫిన్లు కనిపిస్తే ఎలా చెప్పనండీ?”

“కనబడితే కదా సెప్పకూడదు. మీరు అటేపు సూడకండి.” అని, కాస్త తగ్గి అన్నాడు, “ఒక్కరోజు. ఒక్క పైపు. అంతే అడుగుతన్నాం.”

ఆ మరుసటి రోజు శనివారం. సముద్రం మీద సన్నటి ముసురు పట్టి ఉంది. ఎర్రయ్య పడవను బార్జి చుట్టూ తిప్పుతున్నాడు. పైపు నిలబెట్టి, హామర్ దాని నెత్తికెక్కించి, గ్యాంగు అంతా ఆమె మాట కోసం ఎదురుచూస్తోంది. కేథరిన్‌కు ఒడ్డు వైపు ఏదో నల్లగా తేలి మునిగినట్టనిపించింది. మళ్ళీ చూస్తే కనపడలేదు. నియమం ప్రకారం అయితే అరగంట ఆగి చూడాలి.

“ఏటమ్మా, ఉన్నాయా?” అన్నాడు ఎర్రయ్య.

ఆమె బార్జి వైపు చూసింది. ముగ్గురు మనుషులు సంచులు సర్దుకుని రెయిలింగ్ పక్కన పెట్టుకున్నారు. పైపు దిగగానే లాంచీ ఎక్కి ఒడ్డుకు పోయి బస్ కాంప్లెక్సులో ఊరి బస్సు అందుకోవాలి.

“క్లియర్,” అంది రేడియోలో.

ఎర్రయ్య ఇంజను వేగం పెంచాడు. మధ్యాహ్నానికి పైపు దిగింది. బార్జి మీది నుంచి ఎవరో ఆమెకు చెయ్యి ఊపారు. ఇన్ని నెలల్లో అదే మొదటిసారి.

సోమవారం పొద్దున వాళ్ళు నీళ్ళలోకి వెళ్ళేసరికి తల్లి డాల్ఫిన్ బార్జికి దగ్గర్లోనే ఉంది. ముక్కు మీద ఏదో మోస్తోంది. మొదట కేథరిన్ సంచి అనుకుంది. పడవ దగ్గరయ్యాక తెలిసింది.

“పిల్ల సచ్చిపోనాదమ్మా,” అన్నాడు ఎర్రయ్య.

తల్లి దాన్ని ముక్కుతో పైకి ఎత్తి గాలిలో పెడుతోంది. ఊపిరి పీల్చుకుంటుందని ఆగుతోంది. అది జారి కిందికి పోతోంది. తల్లి మునిగి మళ్ళీ దాన్ని పైకి తెస్తోంది. పిల్ల చర్మం అక్కడక్కడా ఊడిపోయి తెల్లగా కనిపిస్తోంది. తోడుగా ఉన్న ఇంకో డాల్ఫిన్ వాటి చుట్టూ తిరుగుతోంది.

కేథరిన్ పడవ అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. శనివారం చప్పుడుకు బెదిరి పిల్ల తల్లి నుంచి విడిపోయిందేమో. కాకపోవచ్చు కూడా. వలలో పడిందేమో. జబ్బు చేసిందేమో. ఎవరడిగినా చూపించడానికి రుజువు లేదు. రుజువు ఉంటే కనీసం ఏడవడానికైనా వీలుండేది.

అటవీ శాఖకు ఫోను చేసింది. కళేబరాన్ని ఒడ్డుకు చేరిస్తే పోస్టుమార్టమ్‌కు డాక్టరును పంపిస్తామన్నారు. సముద్రంలోకి రావడానికి తమ దగ్గర పడవ లేదన్నారు. ఈ మాట ఆమె ఉదయ్‌కుమార్‌కు చెప్పింది. అతను రేడియోలో ఎంతో ఓర్పుగా మాట్లాడాడు.

“మంచిదే కదమ్మా. ఎర్రయ్య దగ్గర కొక్కెం ఉంటుంది. లాగేసి తీసుకొచ్చేయండి. వాళ్ళకు పోస్టుమార్టమ్ అవుతుంది. పిల్ల లేకపోతే తల్లి దానంతటదే వెళ్ళిపోతుంది. పదకొండింటికల్లా హామర్ మొదలవ్వాలి.”

ఎర్రయ్య కొక్కెం కట్టిన వెదురు గెడ తీశాడు. అద్దె పడవవాడు. చెప్పిన పని చెయ్యనంటే రేపు ఇంకో పడవను పెట్టుకుంటారు. ఇంజను ఆపి, గెడతో నెట్టుకుంటూ మెల్లగా దగ్గరకు పోనిచ్చాడు.

తల్లి పారిపోలేదు. పడవకూ పిల్లకూ మధ్యలోకి వచ్చింది. ఎర్రయ్య గెడ చాచాడు. కొక్కెం దాని వీపుకు జానెడు దూరంలో ఆగింది. అది పక్కకు ఒరిగి, ఒక కంటితో పైకి చూసి, బుస్సుమని ఊపిరి వదిలింది. ఆ తుంపర ఇద్దరి మొహాల మీదా పడింది. చేపల కంపు కొట్టింది. తర్వాత పిల్లను నోటితో పట్టుకుని పడవకు అటువైపు తీసుకుపోయింది.

ఎర్రయ్య గెడను పడవలో పడేశాడు.

“నా వల్ల కాదమ్మా. నాను వలేసి బతికినోడిని, రక్తం సూసి బెదిరీవోడిని కాను. గాని ఈ పని మాత్రం సెయ్యలేను. పడవ మానిపించుకుంటే మానిపించుకోమను.”

“వద్దు బాబాయ్,” అంది కేథరిన్. “నేనే చెప్తాను.”

రేడియో గరగరలాడింది. “తీశారా?”

“లేదు సార్. తియ్యం.”

“సరే, వదిలేయండి. క్లియర్ ఇవ్వు.”

“డాల్ఫిన్లు బార్జికి దగ్గర్లోనే ఉన్నాయి.”

“చచ్చిపోయిందని నువ్వే అన్నావు.”

“తల్లి బతికే ఉంది సార్.”

“కేథరిన్, శనివారం కూడా ఉన్నాయేమో. అప్పుడిచ్చావు కదా.” ఊహించి అన్న మాటే అది. కానీ సూటిగా తగిలింది. “ఒకసారి ఇచ్చినదానివి ఇప్పుడు ఏంటి కొత్తగా?”

ఈ చానల్ బార్జి మీద అందరికీ వినిపిస్తుంది.

“శనివారం నేను తప్పు చేశాను సార్. సరిగ్గా చూడకుండా చెప్పాను. ఇవాళ చెప్పను.”

ఉదయ్‌కుమార్ గొంతు మారింది. “ఓకే. నిన్ను డ్యూటీ నుంచి తీసేస్తున్నాను. పడవ ఒడ్డుకు తెచ్చేయండి. బార్జి, వింటున్నారా? సైట్ ఇన్‌చార్జిగా నేను చెప్తున్నాను. క్లియర్. హామర్ స్టార్ట్ చెయ్యండి.”

కేథరిన్ కళ్ళు మూసుకుంది. పడవ అడుగున మొదటి వణుకు కోసం కాళ్ళు బిగబట్టుకుంది. ఎర్రయ్య నోట్లో ఏదో గొణుక్కున్నాడు.

దెబ్బ పడలేదు.

కళ్ళు తెరిచి చూస్తే, బార్జి మీద గ్యాంగు అంతా రెయిలింగ్ పక్కన నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ వాళ్ళకు వేరే పని లేదు. తల్లి పిల్లను ఎత్తడం, పిల్ల జారిపోవడం, మళ్ళీ ఎత్తడం చూస్తూనే ఉన్నారు.

“శ్రీరామ్మూర్తీ, వినిపించలేదా? స్టార్ట్.”

“ఇనిపించినాది బావూ.” శ్రీరామ్మూర్తి ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడాడు. “ఒక మాట అడుగుతాను, సెప్పండి. ఆపిన గంటలకి కూలి ఇత్తారా, ఇవ్వరా?”

“అది ఇప్పుడు మాట్లాడే విషయమా?”

“ఇప్పుడే బావూ. మొన్న మేడమ్ మా తరపున అడిగితే, మేం అడగనేదన్నాను. బయపడి అన్నాను. ఇప్పుడు మేమే అడుగుతన్నాం.”

“ముందు హామర్ ఎత్తు. తర్వాత చూద్దాం.”

“ఎత్తం. కూలి మాట సెప్పేదాకా ఎత్తం. మాకు పైపు దిగితే గాని మెతుకు నేకుండా సేసి, ఆ ఆడపిల్ల మీదకి ఉసిగొల్పినారు. మేవూ అలగే తిట్టినాం. శనివారం ఆ మాట నానే అడిగి సెప్పించుకున్నాను.” రేడియోలో గాలి హోరు వినిపించింది. “డాల్పిన్ల సంగతి నాకు తెల్దు బావూ. అవి బతికితే నాకేటి, సస్తే నాకేటి అనుకున్నాను. గాని అది అక్కడ అలగ బిడ్డని మోత్తంటే, దాని నెత్తి మీద దెబ్బెయ్యమంటే నా సెయ్యి లేవదు. ఆపిన కూలి మాకు కావాల. అది పోయీదాకా ఆపాల. రెండూ కావాల.”

“మీ అందరి గేటు పాసులు కేన్సిల్ చేయిస్తాను. అచ్యుతాపురం నుంచి గంటలో ఇంకో గ్యాంగు వస్తుంది, తెలుసా?”

“రానీండి. ఆళ్ళూ మాలాటోళ్ళే. ఆళ్ళకీ సెప్తాం.”

ఉదయ్‌కుమార్ ఇంకేదో అంటుండగా బార్జి మీద ఎవరో జెనరేటర్ ఆపేశారు. నెలల తరబడి ఆ నీళ్ళ మీద ఆగకుండా మోగిన మోత ఒక్కసారిగా తెగిపోయింది. అలలు పైపులను తాకే చప్పుడు, దూరంగా రోడ్డు మీద లారీ హారను విడివిడిగా వినిపించాయి.

“ఒడ్డుకి పోనిమ్మంటావా అమ్మా?” అన్నాడు ఎర్రయ్య. “మనల్ని తీసీసినాడు కదా.”

కేథరిన్ సంచీలోంచి నీళ్ళ సీసా తీసి రెండు గుక్కలు తాగి అతనికి అందించింది. తన ఉద్యోగం పోయింది. ఇంటికి వెళ్ళి తండ్రికి ఏం చెప్పాలో ఇంకా తెలియదు. రేపు గ్యాంగులో ఎంతమంది నిలబడతారో తెలియదు. తల్లి ఎన్నాళ్ళు అలా మోస్తుందో కూడా తెలియదు.

“పడవ అద్దె ఇవాళ సాయంత్రం దాకా కట్టారు కదా బాబాయ్. ఉందాం.”

ఎర్రయ్య పడవను బార్జికీ డాల్ఫిన్లకూ మధ్యకు తెచ్చి లంగరు వేశాడు. బార్జి మీద శ్రీరామ్మూర్తి చెవుల్లోంచి దూది తీసి జేబులో పెట్టుకున్నాడు. గ్యాంగు నీడ చూసుకుని టిఫిను డబ్బాలు విప్పింది.

గంట దాటాక ఒడ్డు వైపు నుంచి లాంచీ బయలుదేరడం కనిపించింది. దాని నిండా పసుపు హెల్మెట్లు పెట్టుకున్న కొత్త గ్యాంగు మనుషులున్నారు. కేథరిన్ లేచి నిలబడింది. బార్జి మీద ఒక్కొక్కరే చెయ్యి కడుక్కుని రెయిలింగ్ దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

లాంచీ దగ్గరవుతోంది. నీళ్ళలో తల్లి మళ్ళీ మునిగింది.